నాన్నగారిది వయసా, జబ్బా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి 74 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. గుండెకని రోజూ ఆస్పిరిన్ కూడా వేసుకుంటారు. మోకాళ్లు సహకరించక కిందటేడు పొలం కౌలుకిచ్చేశారు, కొబ్బరి తోట లెక్కలు కూడా బాబాయికి అప్పజెప్పేశారు. ఉగాదికి వెళ్లినప్పుడు బాగానే ఉన్నారు. శ్రావణమాసంలో బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. గోడకి తల తగిలింది గానీ రక్తం రాలేదని, బొప్పి కూడా తగ్గిపోయిందని అమ్మ చెప్పింది. దసరాకి వెళ్లేసరికి మనిషి మారిపోయారు. నడక బాగా నెమ్మదించింది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. టీవీ సౌండు పెద్దగా పెడతారు. అమ్మ మీద ఊరికే విసుక్కుంటున్నారు. తెల్లవారుజామున మూడింటికే చెమటలు పట్టి లేచి కూర్చుంటున్నారట. 96 తుపాను సంగతులు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు, అందుకే మతిమరుపు కాదేమో అనిపిస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు "వయసు మీద పడింది, అంతే" అని నిద్రమాత్ర ఇచ్చారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు పొలం అమ్మే విషయం తేల్చేసి ఇద్దర్నీ హైదరాబాద్ తెచ్చేసుకుందామని అన్నయ్య అంటున్నాడు. నాన్నగారు కదలనంటున్నారు. అమ్మ ఏమీ అనదు. ఇది వయసేనా, జబ్బా? మమ్మల్ని ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా,

సంక్రాంతి దాకా ఆగకండి. పొలం, హైదరాబాద్ సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రెండు మూడు రోజుల్లోనే నాన్నగారిని తీసుకెళ్లి తలకి సీటీ స్కాన్ తీయించండి. అమలాపురంలో తీస్తారు. కాకినాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లినా మంచిదే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, శ్రావణంలో తలకి దెబ్బ తగిలింది, దసరాకి మనిషి మారిపోయారని మీరే రాశారు. ఆ రెండూ మీ ఉత్తరంలో వేర్వేరు సంగతుల్లా ఉన్నాయి. నాకు మాత్రం ఒకదాని వెంట ఒకటి వచ్చినట్టు అనిపిస్తున్నాయి.

వయసు పైబడే కొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. అది అందరికీ జరిగేదే. దాంతో పుర్రెకీ మెదడుకీ మధ్య ఖాళీ పెరిగి, అక్కడ ఉండే సన్నటి రక్తనాళాలు సాగి ఉంటాయి. కుర్రాళ్లకి ఏమీ కాని చిన్న దెబ్బకి కూడా పెద్దవాళ్లలో అవి చిట్లుతాయి. రక్తం ఒక్కసారిగా కారదు, కొద్దికొద్దిగా ఊరుతుంది. ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో ఇంకా తేలిగ్గా ఊరుతుంది. ఆ రోజున, ఆ వారంలో ఏ తేడా కనపడదు. కొన్ని వారాలు గడిచాక, ఒక్కోసారి రెండు మూడు నెలలకి, నడక మందగిస్తుంది, మాట తగ్గుతుంది, మగతగా ఉంటారు, తికమక పడతారు. బొప్పి ఎప్పుడో మానిపోయి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ దెబ్బ గుర్తు రాదు. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. గడ్డ చిన్నదైతే మందులతో కనిపెట్టుకుని ఉంటారు. పెద్దదైతే పుర్రెకి చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తారు. అలా తీశాక మళ్లీ మామూలు మనుషులైనవాళ్లు చాలామంది ఉన్నారు.

నాన్నగారికి అదే ఉందని నేను చెప్పడం లేదు. లేదని స్కాన్‌లో తేలాలి, అంతే. ఈలోగా ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులైనా, పిలిస్తే సరిగా లేవకపోయినా ఆ గంటలోనే 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు. స్కాన్ చూసిన డాక్టరుకి ఆ మాత్ర సంగతి మొట్టమొదట చెప్పండి.

ఇక మీరడిగిన ప్రశ్నకి వస్తాను. వయసు వల్ల వచ్చే మార్పుకి తొందర ఉండదు. కండ తగ్గడం 40లు దాటక ముందే మొదలై, పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున పోతూ వస్తుంది, 60 దాటాక ఇంకాస్త జోరు అందుకుంటుంది. చూపు, వినికిడి, దాహం, నిద్ర ఇవన్నీ ఏళ్ల తరబడి మారతాయి. పక్కనే ఉన్నవాళ్లకి కూడా తెలియనంత నెమ్మదిగా మారతాయి. ఉగాదికి బాగున్న మనిషి దసరాకి మారిపోతే, ఆ ఆరు నెలల్లో ఇంకేదో జరిగిందన్నమాట. పెద్దవాళ్ల విషయంలో నేను మొదట అడిగేది "ఏమైంది" అని కాదు, "ఎప్పటి నుంచి" అని. నెలల్లో, వారాల్లో వచ్చిన మార్పుని వయసు ఖాతాలో వేసేస్తే, నయమయ్యే జబ్బు కూడా నయం కాకుండా మిగిలిపోతుంది. మన పల్లెల్లో ఇలా మిగిలిపోయినవాళ్లని చూసి చూసి నాకు బాధగా ఉంటుంది.

తర్వాత మాత్రలు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. వాడుతున్నవే కాదు, బీరువాలోవి, తలగడ కిందవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, అన్నీ. బీపీకి ఇచ్చే మాత్రల్లో కొన్ని ఒంట్లో సోడియంని తగ్గిస్తాయి. సోడియం పడిపోతే మనిషి తూలతారు, పొంతన లేకుండా మాట్లాడతారు. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడినా, గ్యాస్ మాత్ర రోజూ వేసుకున్నా బీ12 తగ్గుతుంది. అది తగ్గితే మతిమరుపు, పాదాల తిమ్మిర్లు, నడకలో తడబాటు వస్తాయి. జలుబుకీ దురదకీ వాడే మాత్రల్లో కొన్ని కూడా పెద్దవాళ్ల బుర్రని మొద్దుబారుస్తాయి. ఆర్‌ఎంపీ గారిచ్చిన నిద్రమాత్ర నాకు బొత్తిగా నచ్చలేదు. ఒకసారి పడిన మనిషికి, ఇప్పటికే తికమక పడుతున్న మనిషికి అది మళ్లీ పడేందుకు దారి చూపిస్తుంది. అలాగని ఒక్కసారిగా మానిపించకండి, ఎలా తగ్గించాలో డాక్టరుని అడగండి.

తెల్లవారుజామున మూడింటికి చెమటలు పడుతున్నాయన్నారు. రాత్రి ఏం తింటున్నారో మీరు రాయలేదు. పెద్దాయన కదా అని రెండు ఇడ్లీలు పెట్టి, షుగర్ మాత్ర మాత్రం పాత డోసే వేస్తుంటే, ఆ వేళకి షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, చికాకు, అయోమయం అన్నీ దాని లక్షణాలే. వేలిని గుచ్చి షుగర్ చూసే చిన్న మిషన్ ఒకటి కొని అమ్మగారికి నేర్పించండి. ఈసారి అలా లేచినప్పుడు వెంటనే చూడమనండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి, తెల్లారగానే డాక్టరుకి చెప్పాలి. అక్కడ మిషన్ లేకపోతే అనుమానం మీద పంచదార ఇచ్చినా తప్పులేదు. ఆ వయసులో షుగర్ మరీ కిందికి దించాలని పట్టుబట్టడం కన్నా, కాస్త ఎక్కువగా ఉన్నా పడిపోకుండా చూసుకోవడం మంచిది.

రక్తపరీక్షలు రాయించుకునేటప్పుడు సోడియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఉన్నాయో లేదో చూసుకోండి. మూత్ర పరీక్ష కూడా చేయించండి. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం లేకుండానే తికమక తెప్పించవచ్చు. బీపీని పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఒకసారి చూడమనండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, ఆయన పడిపోవడానికి బాత్‌రూమ్ నేలొక్కటే కారణం కాకపోవచ్చు.

ఇప్పుడు చెవుల సంగతి. టీవీ సౌండు పెంచుతున్నారని ఒకచోట, అడిగిందే అడుగుతున్నారని ఇంకోచోట రాశారు. చెప్పిన జవాబు వినపడక మళ్లీ అడుగుతున్నారేమో ఎవరైనా చూశారా? వయసుతో ముందుగా పోయేది సన్నటి స్వరాలు వినే శక్తి. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, మాటల్లో స, శ, త, ప లాంటి అక్షరాలు సరిగా అందవు. మనిషి పిలుస్తున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. కౌలుదారు మాట అర్థమై అమ్మగారి మాట అర్థం కాకపోతే, ఇంట్లోవాళ్లు "కావాలనే వినరు" అనుకుంటారు. ఆయనేమో తన వెనక ఏదో మాట్లాడుకుంటున్నారనుకుని విసుక్కుంటారు. మీరు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. వెలుతురులో ఆయన ఎదురుగా కూర్చుని, టీవీ ఆపేసి, అరవకుండా, నిదానంగా ఒక్కో మాటా చెప్పి చూడండి. అలా చెప్పింది పది నిమిషాల తర్వాత గుర్తుంటే అది చాలావరకు చెవి సమస్య. చక్కగా విని కూడా పది నిమిషాలకి అసలు మీరు చెప్పినట్టే గుర్తులేకపోతే అది మతి సమస్య కావచ్చు. చెవి డాక్టరు దగ్గర గులిమి తీయించండి, వినికిడి పరీక్ష చేయించండి. చెవికి వినికిడి మిషన్ పెట్టుకోమంటే ముసలితనం అంటగట్టినట్టు బాధపడేవాళ్లుంటారు, ఓపిగ్గా నచ్చజెప్పండి. లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం అదుపు చేయగల 14 కారణాలను చెప్పింది. వాటిలో సరిచేయని వినికిడి లోపం ఒకటి, సరిచేయని చూపు ఇంకొకటి. శుక్లాలు ఉన్నాయేమో కూడా అదే చేత్తో చూపించేయండి.

మతిమరుపు గురించి మీరు ఒక ధైర్యం చెప్పుకున్నారు, 96 తుపాను పూసగుచ్చినట్టు చెబుతున్నారు కదా అని. దాన్ని నమ్ముకోకండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లెవరూ ఆ రాత్రిని మరిచిపోరు. అల్జీమర్స్ ఉన్నవాళ్లు కూడా చాలాకాలం మరిచిపోరు. ఆ జబ్బు ముందు దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాలని. ఇరవై ముప్పై ఏళ్ల కిందటివి చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి తుపాను గురించి అడగకండి, నిన్న ఇంటికి ఎవరొచ్చారో, పొద్దున ఏం కూర వండారో అడగండి.

అలాగే ప్రతి మరుపుకీ భయపడకండి. వయసుతో మెదడు వేగం తగ్గుతుంది. ఎదురుగా వచ్చిన మనిషి పేరు నాలుక చివర ఆడుతుంది గానీ బయటికి రాదు. కాలవ శివారు చేలకి నీరు ఆలస్యంగా చేరినట్టు, పేరు కాసేపటికి వస్తుంది. తర్వాతైనా వస్తే అది వయసే. రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం, కొత్త ఫోను పట్టుబడకపోవడం కూడా వయసే. మాటల సంపద, లోకజ్ఞానం, మనిషిని చూసి అంచనా వేయగల నేర్పు మాత్రం 60లు దాటినా నిలిచే ఉంటాయి. భయపడాల్సింది ఎప్పుడంటే, రోజూ చేసే పని చేతకానప్పుడు. కౌలు డబ్బు లెక్క తప్పడం, మాత్రలు వేసుకుని మళ్లీ వేసుకోవడం, సొంత ఊళ్లో దారి తప్పడం, కాలకృత్యాల్లో తడబాటు. వీటిలో ఏమైనా ఉంటే న్యూరాలజీ డాక్టరుకో మానసిక వైద్యుడికో చూపించండి. పరీక్షలన్నీ అయ్యాక అది అల్జీమర్సే అని తేలితే, దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. లక్షణాలను కొంతకాలం అదుపులో పెట్టే మందులున్నాయి. అయినా ముందుగా తెలుసుకోవడం వల్ల ఒక మేలుంది. ఆయన ఆలోచన స్పష్టంగా ఉండగానే పొలం, బ్యాంకు, వైద్యం గురించి ఆయనకేం కావాలో ఆయన నోటితోనే చెప్పించుకోవచ్చు.

కౌలుకిచ్చేసిన సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం అది వదలబుద్ధి కావడం లేదు. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లు ఎప్పుడు వదులుతారు, నారుమళ్లు ఎప్పుడు పోయాలి, సార్వా కోతలకి వాన అడ్డొస్తుందా, దాళ్వాకి నీళ్లు చాలుతాయా, కొబ్బరి దింపుకి మనుషులు దొరుకుతారా అని యాభై ఏళ్లు ఆలోచించిన మనిషి. ఒక ఏడాదిలో ఆ ఆలోచనలన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఏదీ అడగరు. వయసైన మగవాళ్లలో దిగులు కన్నీళ్ల రూపంలో కనపడటం తక్కువ. విసుగు, నిద్ర తెగిపోవడం, ఆకలి తగ్గడం, నలుగురిలోకి వెళ్లకపోవడం, ఒంట్లో బాగోలేదని మాటిమాటికీ అనడం, ఇలా కనపడుతుంది. అది కూడా జబ్బే, దానికీ వైద్యం ఉంది. మానసిక సమస్యలకి సలహా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. దాంతోపాటు కొబ్బరి తోట లెక్కలు బాబాయి గారి దగ్గర నుంచి మళ్లీ నాన్నగారి చేతికి వచ్చేలా చూడండి. దింపు రోజున ఎన్ని కాయలు దిగాయో, వ్యాపారి ఎంత ఇచ్చాడో ఆయనే పుస్తకంలో రాయాలి. తప్పు రాస్తే బాబాయి గారు పక్కన కూర్చుని సరిచూడొచ్చు, లాగేసుకోకూడదు.

తిండి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. వయసైందనగానే "తేలిక తిండి" అని చేప మానిపించి, గుడ్డు మానిపించి, మజ్జిగన్నం, ఇడ్లీల మీదకి దించేస్తారు. కండ కరిగిపోయే వయసులో కండకి కావాల్సిందే తీసేస్తున్నారు. 60 కిలోల పెద్దాయనకి రోజుకి 60 నుంచి 70 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములుంటుంది, గ్లాసు పాలలో దాదాపు అంతే. 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 దాకా ఉంటుంది. చెరువులు, కాలవలు ఉన్న సీమలో శీలావతో బొచ్చో దొరకని రోజుండదు కదా. క్రియాటినిన్ రిపోర్టు చూసి కిడ్నీలు బాగున్నాయని డాక్టరు అంటే నిశ్చింతగా పెట్టండి. పప్పు కాస్త గట్టిగా వండమనండి. ఉప్పుచేప, ఆవకాయ బాగా తగ్గించండి. దాహం వేయలేదని నీళ్లు తాగడం మానేస్తారు, ఆ వయసులో దాహం సరిగా తెలియదు. గుండె డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే, పొద్దుటి నుంచి సాయంత్రం లోపు గ్లాసుల లెక్కన ఇవ్వండి. రాత్రి తగ్గిస్తే మూత్రానికి లేవడం తగ్గుతుంది.

స్కాన్ బాగుందని తేలాక కాళ్ల బలం చూడండి. చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి వేసి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఒక మనిషి నిలబడాలి. 15 సెకన్లు దాటితే కాళ్లు బలహీనపడ్డాయన్నట్టే. ఆ లేచి కూర్చోవడమే వ్యాయామం కూడా. పూటకి నాలుగైదు సార్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే 74 ఏళ్ల కండ కూడా బలం పుంజుకుంటుంది. మోకాళ్లు నొప్పెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి రాడ్డు, కింద జారని పట్టా, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు. ఇవి మీరు వెళ్లిన రోజే పెట్టించండి.

ఇప్పుడు అన్నయ్య గారి మాట. ఆయన ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ తికమక పడుతున్న మనిషిని ఉన్నట్టుండి ఫ్లాట్‌లోకి మారిస్తే ఆ తికమక పెరుగుతుంది. ఇక్కడ చీకట్లో కూడా దొడ్డి తలుపు ఎటుందో ఆయన కాళ్లకి తెలుసు, అక్కడ బాత్‌రూమ్ ఎటో వెతుక్కోవాలి. పరీక్షలు పూర్తయ్యేదాకా పొలం అమ్మకం మాట ఎత్తకండి. మనసు స్థిమితంగా లేని రోజుల్లో పెట్టించిన సంతకం రేపు కోర్టులో నిలవకపోవచ్చు కూడా. సంక్రాంతికి అందరూ కూర్చున్నప్పుడు ఆయన్ని పక్కన పెట్టి ఆయన గురించి మాట్లాడుకోవద్దు. ఆయన వినేలా, ఆయన్నే అడగండి. తర్వాత ఎప్పుడైనా మారాల్సి వస్తే ముందు ఒక నెల ఉండి చూసి రమ్మనండి, ఇక్కడ ఇల్లు తాళం వేసి ఉంచండి. మీరిద్దరూ వంతులేసుకుని నెలకొకరు వచ్చి నాలుగు రోజులుంటే, బాబాయి గారి ఇంట్లోంచి ఒక కుర్రాణ్ణి రాత్రిళ్లు పడుకోమంటే, ఇంకా కొంతకాలం ఊళ్లోనే గడిచిపోతుంది. పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567 నంబరు గోడ మీద రాసిపెట్టండి.

"అమ్మ ఏమీ అనదు" అని రాశారు. పడిన మనిషిని లేపిందీ, మూడింటికి చెమట తుడుస్తున్నదీ, ఆ విసుగంతా పడుతున్నదీ ఆవిడే. ఆవిడకి నిద్ర ఉంటోందా, ఆవిడ బీపీ ఎంత, ఆవిడ మోకాళ్లెలా ఉన్నాయి, ఉత్తరంలో ఏమీ లేదు. అమలాపురం వెళ్లే రోజు కారు మాట్లాడేటప్పుడు ఆవిడని కూడా ఎక్కించుకోండి. నాన్నగారికి స్కాన్ తీస్తున్న గంటలో ఆవిడకి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించి, ఆ రిపోర్టులు కూడా కలిపి నాకు పంపండి.